కారు టాపు మీద అమ్మ వడియాలు

ఇవాళ మా కొట్టుకు వచ్చిన వడియాల సంచి విప్పగానే, బొగ్గుగనుల ఊరు ఖనిలో మా క్వార్టర్ ముందున్న కారు బాడీ గుర్తొచ్చింది. మీకూ గుర్తుందా, మన క్వార్టర్ల ఫ్రెండ్స్?

మా బాపు పాత అంబాసిడర్ ఇంజను, చక్రాలు తీసి, సొంతంగా కట్టుకున్న జీపుకు బిగించాడు. మిగిలిన ఉత్త బాడీ టాపు మీద గుడ్డ పరిచి అమ్మ వడియాలు పెట్టేది. ఆ ఎండకు ఒక్క పూటలో గలగలలాడేవి.

దారికి అడ్డమని బాపు దాన్ని పాత ఇనుము కొనే యాకూబ్ భాయ్‌కి అమ్మేశాడు. ఆయన గ్యాస్ కట్టర్‌తో వచ్చాడు.

"భాభీ, వడియాలు తియ్యుండ్రి, బండి కొయ్యాలె."

"టాపు మాత్రం నేనియ్య భాయ్. నా వడియాలు ఏడ ఎండాలె?" అంది అమ్మ.

బాపు నవ్వాడు. "ఇంజను నాది, టాపు ఆమెది. టాపు ఇడిచి కిందిది కోసుకపో భాయ్."

టాపు మా పెరట్లో ఇటుకల మీదికెక్కింది. జీపు తొందరగానే మూలపడింది. ఆ టాపు మీది వడియాలు పచ్చివే ఎత్తుకెళ్లి తిన్నవాళ్లు చెయ్యెత్తండి, ఇప్పుడు అమ్మ ఏమీ అనదు.