చీకటి పన్నెండు గంటలు

2012 అక్టోబరు, అమెరికా. రెడ్‌మండ్‌లో వాన మొదలైతే ఇక ఏప్రిల్ దాకా వదలదని అప్పటికి పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. నేను హెచ్‌వీఏసీ ఇంజనీర్‌ని. అంటే ఏ గదికి ఎంత వేడి, ఎంత చల్లదనం, ఎంత గాలి కావాలో లెక్కగట్టి, ఆ గాలి వెళ్ళే దారులు గీయడం నా పని. సర్వీసులో ఎక్కువ భాగం సర్వర్ రూములకే పోయింది. మా ఊళ్ళో తెలుగువాళ్ళంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటే, ఆ కంప్యూటర్లకు విసనకర్ర పట్టే ఉద్యోగం నాది.

ఆ నెలలో ఒకరోజు డేల్ ఫోన్ చేశాడు. మా ప్రాజెక్టులకు రేకుతో డక్ట్‌లు, అంటే గాలి గొట్టాలు, కట్టిన పనివాడు. అప్పటికి రిటైరయ్యాడు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గీసిన గొట్టం ఒకటి నేరుగా కాంక్రీటు దూలంలోకి వెళ్ళింది. బాసు కంటపడకముందే దాన్ని వంచి, దూలం కిందినుంచి తిప్పి పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. అప్పటి సైట్లు, కోసిన రేకు వాసన, అట్ట కప్పుల్లో చల్లారిన కాఫీ తలుచుకుంటే ఇప్పటికీ మనసు అటే లాగుతుంది. ఆ మనిషి అడిగితే కాదనలేను.

అడిగింది మాత్రం గంజాయి మొక్కల గది. ఆయన భార్య కెరోల్‌కు కేన్సర్. కీమో మొదలైనప్పటినుంచి ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. డాక్టర్ ఉత్తరం ఉన్న రోగులు తమ కోసం కొన్ని మొక్కలు పెంచుకోవచ్చని మా రాష్ట్రంలో చట్టం ఉంది. ఆమెకు ఒకే ఒక రకం పడింది. అది పీల్చాక నాలుగు ముద్దలు దిగుతున్నాయి. ఆ రకాన్ని డేల్ గ్యారేజీలో హైడ్రోపోనిక్స్ పద్ధతిలో, మట్టి లేకుండా వేళ్ళు నీళ్ళలో వేలాడేట్టు పెట్టాడు. దీపాల వేడికి ఆకులు మాడుతున్నాయి, గాలి సంగతి చూడమన్నాడు. పాత నిల్వ క్రిస్మస్ దాకా వస్తుంది. ఈ పంట పోతే ఆ తర్వాత మూడు నెలలు ఆమెకు ఏమీ ఉండదు.

మా ఆయన తెలుగు చర్చిలో సంఘ పెద్ద. డేల్ ఉండే వీధిలో మా చర్చి కుటుంబాలు ఐదున్నాయి. విషయం చెబితే ఆయన కాసేపు గడ్డం గీరుకున్నాడు.

"సాయం చెయ్యి, వద్దనను. పగలు మాత్రం పోకు సువార్తా. మనవాళ్ళు కారు గుర్తుపడితే ఏం చెప్తాం?"

నాకూ అదే నయమనిపించింది. చర్చి స్త్రీల కూడికలో బైబిలు వాక్యం చదివే మనిషి గంజాయి గదికి గొట్టాలు గీస్తోందంటే ఊరుకుంటారా? అందుకే ఆఫీసయ్యాక, ఏడు గంటలకు వెళ్ళేదాన్ని. సందులో కారు ఆపి, గ్యారేజీ పక్క తలుపులోంచి దూరి, పని చూసుకుని అలాగే వచ్చేసేదాన్ని. ఇంట్లోకి అడుగుపెట్టలేదు.

ఆ మొక్కలు పువ్వు పట్టాలంటే రోజులో పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు కటిక చీకటి కావాలి. డేల్ సాయంత్రం ఆరుకు సోడియం దీపాలు వేసి, పొద్దున ఆరుకు ఆర్పేవాడు. రాత్రిపూట బయటి గాలి చల్లగా ఉంటుంది కాబట్టి దీపాల వేడిని వదిలించుకోవడం తేలిక. మొక్కల చీకటి వేళ, అంటే మన పగటిపూట, ఎవరూ తలుపు తీయకూడదు. కాస్త వెలుతురు సోకినా పువ్వు చెడుతుందని ఆయన భయం.

నేను దాన్ని అచ్చం సర్వర్ రూములాగే లెక్కగట్టాను. దీపాలు ఎన్ని వాట్లు, అంత వేడి, దానికి తగ్గ ఫ్యాను, ఒక ఏసీ. దీపాలు ఆరాక వేడే ఉండదు కదా అని ఫ్యాన్లన్నీ దీపాల టైమర్‌కే కలిపాను. కరెంటు ఆదా చేశానని మురిసిపోయాను కూడా. నేను వెళ్ళినప్పుడల్లా గది పెళ్ళిపందిరిలా వెలిగిపోతుండేది, ఆకులు గాలికి ఊగేవి, మీటర్లన్నీ సరైన అంకెలే చూపించేవి.

డిసెంబరు మొదట్లో, కోతకు రెండు వారాలుందనగా, పువ్వుల మధ్యలో బూడిదరంగు నూగు కనిపించింది. బూజు. డేల్ చూపిస్తే మీటరు చూశాను. అంతా బాగానే ఉంది. "నీళ్ళలో ఎరువు ఎక్కువ కలుపుతున్నావేమో," అన్నాను. పాపం, మారుమాట్లాడకుండా ఎరువు తగ్గించాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వారం తర్వాత, పొద్దున పదిన్నరకు ఆఫీసుకు ఫోన్ చేశాడు. సువార్త అనడం నోరు తిరగక నన్ను 'సూ' అనేవాడు.

"సూ, సగం పోయాయి. ఏం చేయాలో తోచట్లేదు."

ఆయన గొంతు అలా వినడం అదే మొదటిసారి. మా ఆయన మాట, వీధిలో మనవాళ్ళు, ఏదీ గుర్తు రాలేదు. వెళ్ళి ఆయన ఇంటి ముందే కారు ఆపాను.

తలుపు తీయమంటే సందేహించాడు. తీయమన్నాను. మొక్కలకు పెద్దగా తగలని ఆకుపచ్చ లైటు ఒకటి పట్టుకుని లోపలికి వెళ్ళాం. తడిగుడ్డ ముఖాన వేసినట్టు గాలి తగిలింది. ఫ్యాన్లు ఆగి ఉన్నాయి. చల్లబడ్డ గోడలమీద నీళ్ళు కారుతున్నాయి.

నిమిషంలో అర్థమైంది. సర్వర్లకు చెమట పట్టదు. మొక్కలు తాగిన నీళ్ళను ఆకుల్లోంచి వదులుతూనే ఉంటాయి. ఆ తేమను మా భాషలో లేటెంట్ లోడ్ అంటాం. థర్మామీటరుకు దొరకని భారం. కాలేజీలో మొదటి ఏడాదే చెప్పే పాఠం. దీపాలు ఆరగానే గది చల్లబడి ఏసీ ఆగేది, ఫ్యాన్లను నేనే ఆపించాను, తేమ పోయే దారి లేదు. పన్నెండు గంటలు బూజుకు పండగే. రెండు నెలల్లో ఒక్కసారైనా పగలు వచ్చి ఉంటే మొదటి రోజే తెలిసేది.

"తప్పు ఎరువుది కాదు డేల్. నాది," అన్నాను. కెరోల్‌కు కూడా నేనే చెప్తానన్నాను.

అలా మొదటిసారి ఆ ఇంట్లోకి వెళ్ళాను. వంటింట్లో, తలకు ఉన్ని టోపీతో, చల్లారిన సూపు ముందు కూర్చుని ఉంది. ఏం జరిగిందో, నా లెక్క ఎక్కడ తప్పిందో చెప్పాను. మొత్తం విని ఒక్కటే అడిగింది.

"రెండు నెలలుగా వస్తున్నావట. ఒక్కసారీ లోపలికి రాలేదేం?"

"ఎవరైనా చూస్తారని," అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె టోపీ సర్దుకుంది. "నేనూ అందుకే బయటికి రావడం మానేశాను," అంది.

కోటు విప్పి కుర్చీకి తగిలించి, ఆమె సూపు వెచ్చబెట్టాను.

ఆ మధ్యాహ్నమే ఫ్యాన్లను టైమర్ నుంచి విడదీశాం. గాలిలో తేమ లాగే డీహ్యూమిడిఫైయర్ ఒకటి తెచ్చి పెట్టాం. బూజు పట్టినవన్నీ డేల్ కత్తిరించి పారేశాడు. మూడో వంతు దక్కింది. పొదుపుగా వాడితే ఫిబ్రవరి దాకా, అంటే కీమో అయ్యేదాకా సరిపోతుందని ఆయన లెక్క.

ఇప్పుడు ఆ సోడియం దీపాలూ లేవు, వాటి గుయ్యిమనే మోతా లేదు. అన్నీ ఎల్‌ఈడీలు. కొత్త ఇంజనీర్లు సలహా అడిగితే, గది పనిచేసే వేళే కాకుండా పడుకునే వేళ కూడా వెళ్ళి చూడమంటాను. ఆ గది ఎవరికోసమో ఆ మనిషిని ముందు కలవమంటాను. ఈ రెండోది నాకు డ్రాయింగులు నేర్పలేదు, కెరోల్ నేర్పింది.

కెరోల్‌ను మొదటిసారి కలిసిన ఆ వారమే, ఆదివారం చర్చిలో ఎవరికోసం ప్రార్థించాలో మనవులు చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు లేచి నిలబడ్డాను. కెరోల్ పేరు చెప్పాను. ఆమె నాకెలా తెలుసో, వాళ్ళ గ్యారేజీలో నేనేం చేశానో, పని ఎలా పాడుచేశానో కూడా చెప్పాను. మా ఆయన తల దించుకున్నాడు. నేను కూర్చోలేదు.

పాస్టరుగారు కళ్ళద్దాలు తీసి నావైపు చూశారు.

"ఆమె ఇప్పుడు ఏమన్నా తినగలుగుతోందా అమ్మా?"

"నిన్న ఒక గిన్నెడు సూపు తాగింది అయ్యగారూ," అన్నాను. "నేను పక్కనే కూర్చున్నాను."