కెప్టెన్ వద్దన్న నీళ్లు

మొన్న మా అమ్మాయి ఫోన్ తెచ్చి, రాళ్లూ ఎర్రటి దుమ్మూ తప్ప గడ్డిపోచ కూడా లేని ఫోటో చూపించి, "ఇది వేరే గ్రహం అమ్మా, ఎప్పుడైనా చూశావా?" అంది. చూడకపోవడమేమిటి! తను పుట్టకముందే చూశాను, నలుపు తెలుపుల్లో, పక్కింటి చాచా వాళ్ల చాప మీద కూర్చొని.

నల్గొండ నుంచి బస్సులో గంట ప్రయాణం మా ఊరు. అమ్మా బాపూ జడ్చర్లలో మిల్లు పనికి పోతే నేను అవ్వ దగ్గర పెరిగాను. మా వాడకు మొదటి టీవీ సైకిళ్లు బాగుచేసే చాచాదే. ఆదివారం పొద్దున హిందీలో ఒక సీరియల్ వచ్చేది. దారి తప్పిన రాకెట్ ఏదో గ్రహం మీద పడిపోతుంది. కెప్టెనూ అతని మనుషులూ వారానికో గండం దాటుతూ ఆ గుట్టల్లో తిరుగుతుంటారు. హిందీ వచ్చింది చాచా ఒక్కడికే కాబట్టి ఆయన తెలుగులో చెప్పిందే మాకు కథ. అవ్వకైతే అది కథే కాదు, ఎక్కడో నిజంగా జరుగుతున్న సంగతి. కెప్టెన్ తెర మీదికి రాగానే కొంగు తల మీదికి లాక్కునేది. బండలు లేచి నడిచొస్తే పిల్లలం కెవ్వుమనేవాళ్లం. ఆమె మాత్రం "గీ బండలకేం భయం? మన గుట్ట మీద లేవా?" అని మమ్మల్నే కసిరేది.

యాభై ఏళ్లకే అవ్వ నడుము వంగిపోయింది. మోకాళ్లు బిగుసుకుపోయి కర్ర పట్టుకుని నడిచేది. ఊళ్లో చాలామంది అంతే. ఇదంతా బోరింగు నీళ్లలోని విషం ఎముకలకు పట్టడం వల్లేనని, కనీసం నాకైనా అవి మాన్పించి చెరువు కింది బావి నీళ్లు పట్టమని దవాఖాన నర్సమ్మ రెండుసార్లు వచ్చి చెప్పింది. "నీళ్లల్ల ఇసముంటదా? గంగమ్మను గట్లంటే కండ్లు పోతయ్!" అని అవ్వ ఆమెను దులిపేసింది. నచ్చజెప్పబోయిన చాచాకూ అదే మర్యాద దక్కింది. నా పళ్ల మీద అప్పటికే పసుపు చారలు పడ్డాయి.

ఒక ఆదివారం, దాహంతో అల్లాడుతున్న అమ్మాయి ఒకతె ఆ గ్రహం మీద మడుగు చూసి దోసిలి పట్టింది. కెప్టెన్ ఉరికొచ్చి ఆమె చేతులు తట్టేసి ఏదో అరిచాడు. అందరం చాచా వైపు తిరిగాం. ఆయన జర ఆగి, అవ్వనే చూస్తూ, "తాగొద్దంటుండు అక్కా. గీ నీళ్లు తాగితే బొక్కలు వంగుతయంట. పిల్లలకైతే జల్దీ వంగుతయంట" అన్నాడు.

అవ్వ నా పళ్ల వైపు చూసింది. "గంత పెద్ద సిపాయి, అబద్ధమెందుకు చెప్తడు?" అని మాత్రం అంది. తెల్లారి ఒక చేత్తో కర్ర, చంకలో చిన్న బిందె పెట్టుకుని, చెరువు కట్ట కింది పాత బావికి బయలుదేరింది. మైలు దూరం. ఆ కాళ్లతో పోయి రావడానికి సగం పొద్దు పట్టేది. నేను ఏడో తరగతి దాటి జడ్చర్ల వెళ్లేదాకా మూడేళ్లు ఒక్కరోజూ మానలేదు మహాతల్లి.

సెలవులకు ఊరికొచ్చినప్పుడు, అప్పటికి నాకూ హిందీ వచ్చు కాబట్టి, కెప్టెన్ నిజంగా అదే అన్నాడా అని చాచాను అడిగాను. ఆయన పానా కింద పెట్టి పకపకా నవ్వాడు. "ఆడు యాసిడ్ అన్నడు బిడ్డా, చెయ్యి కాలుతదన్నడు. బొక్కల మాట నాది. నా మాటెట్లా ఇనకపాయె, ఆని మాటన్న ఇంటదని!"

నవ్వాపుకోలేక ఇంటికొచ్చాను, అవ్వకు చెప్పి ఆటపట్టిద్దామని. ఆమె అప్పుడే బావి నుంచి వచ్చి గడపలో కూలబడి ఆయాసపడుతోంది. దించిన బిందెలోంచే గ్లాసు ముంచి ఇచ్చాను. చేత్తో నెట్టేసింది.

"గవి నీయి. నాకు బోరింగువి ముంచు."

"మరి నువ్వు ఇన్నేండ్లు?"

"ఒక్క బిందె ఇద్దరికి యాడ సరిపోతది బిడ్డా? రెండోది మొయ్యరాదు."

యాసిడ్ సంగతి ఇక చెప్పలేదు. పక్కకు తిరిగి ఏడ్చాను. ఇప్పుడు నేను అవ్వ అప్పటి వయసుకొచ్చాను. నిటారుగానే నడుస్తున్నాను. మూడేళ్లలో ఒక్క పూటైనా "నువ్వేం తాగుతున్నవవ్వా?" అని అడగని పిల్ల మీద నాకు ఇన్నేళ్లయినా కోపం పోలేదు.