సిరిసిల్ల ఫోల్డర్‌లో లేని కాగితం

కాగితం దొరికిందని మేనేజరుకు చెప్పాను. ఎక్కడ దొరికిందో, అక్కడికి దాన్ని ఎవరు పంపారో చెప్పలేదు. దానివల్ల ఒకమ్మాయి మీద పడ్డ నింద అలాగే ఉండిపోయింది. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక బీడీ కంపెనీ ఆఫీసులో పీఎఫ్ గుమస్తాను. కోరుట్ల, సిరిసిల్ల శాఖల నుంచి బీడీలు చేసే ఆడవాళ్ల పాత కాగితాలు మూటలుగా మా దగ్గరికి వచ్చేవి. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాక అసలు కాగితాలను గోదాముకు పంపాలి. స్కానింగ్‌కు మల్యాల నుంచి ఒకమ్మాయి వచ్చేది. ఆమె స్కాన్ చేసినదాన్ని నేను చూసి ఏ శాఖ ఫోల్డర్‌లోకి పోవాలో అందులోకి పంపేవాణ్ని.

మూట విప్పితే గదంతా తంబాకు వాసన. ఆమె తుమ్ముతూనే నవ్వేది. పనిలో చేరినప్పటి ఫొటోలు చూస్తూ కూర్చుంటే మాకు పొద్దు తెలిసేది కాదు.

"అన్నా, గీమెను జూడు. ఫొటో అనంగనే ఊపిరి బిగవట్టింది. ఇంకా ఇడువలే."

"ముందుగాల నీ ఆధార్ కార్డుల ఫొటో చూపెట్టు, అప్పుడు మాట్లాడుదాం."

"గది అడుగకు. గా మొకం జూస్తె పోలీసోళ్లు పట్టుకపోతరు!"

మొక్కజొన్న కంకుల కాలంలో మక్క గారెలు తెచ్చేది. నూనె చేతులతో కాగితాలు ముట్టనిచ్చేది కాదు. కడుక్కుని, తుడుచుకుని రమ్మని నన్ను బయటికి తరిమేది. ఆ తర్వాత చాలా ఆఫీసులు చూశాను కానీ అలాంటి మధ్యాహ్నాలు మళ్లీ రాలేదు.

మా దగ్గర పెళ్లయిన ఆడమనిషిది ఏ ఊరంటే అత్తగారి ఊరే చెబుతారు. బీడీ కార్డు కూడా ఆమెతోపాటే శాఖ మారుతుంది. పాత కాగితాలు మాత్రం ఆమె మొదట చేరిన శాఖలోనే ఉండాలి. ఎల్లారెడ్డిపేట నుంచి కోరుట్లకు ఏనాడో కోడలుగా వెళ్లిన ఒకామె చేరిక ఫారం నా ముందుకు వచ్చినప్పుడు, ఇప్పుడు కోరుట్ల మనిషే కదా అనుకుని కోరుట్లలోకి పంపేశాను. ఆమె మొదట చేరింది సిరిసిల్ల శాఖలో, ఆ ఫారం ఉండాల్సింది అక్కడ.

ఆమె పింఛనుకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఆ ఫారం అవసరమైంది. మేనేజరు సిరిసిల్ల ఫోల్డర్ తెరిపించాడు. పేరుతో వెతికినా, నంబరుతో వెతికినా లేదనే వచ్చింది. మా సిస్టం ఏ శాఖ ఫోల్డర్ తెరిస్తే అందులో తప్ప ఇంకోచోట వెతకదు. గోదాములో మూటలన్నీ తిరగేసే ఓపిక ఎవరికీ లేదు. స్కాన్ చేయకముందే పోయిందని తేల్చేశారు.

"గా కాగితం నీ చేతికి అచ్చిందా, రాలేదా?" అని మేనేజరు ఆ అమ్మాయిని నిలదీశాడు.

"యాదికి లేదు సార్. అన్నీ ఒక్కతీరుగనే ఉంటయి."

మర్నాటి నుంచి రావద్దన్నారు. ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, నాకు పోయొస్తానని చెప్పి వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు కోరుట్ల ఫోల్డర్‌లో ఇంకేదో వెతుకుతుంటే ఆ ఫారం తెర మీదికి వచ్చింది. పంపినవారు అన్నచోట నా పేరుంది. దాన్ని సిరిసిల్లలోకి మార్చి, "సార్, దొరికింది. సిస్టంల ఏదో గడబిడ అయింది" అన్నాను. ఆ పెద్దామెకు పింఛను వచ్చింది. ఆ అమ్మాయిని మళ్లీ పిలుద్దామని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఈమధ్య ఆమె కోరుట్ల బస్టాండు దగ్గర జిరాక్స్ దుకాణం నడుపుతోందని తెలిసి వెళ్లాను. చూడగానే గుర్తుపట్టింది.

"ఏందన్నా, గిట్లచ్చినవ్? జిరాక్సా?"

"కాదు చెల్లె. గా సిరిసిల్ల ఫారం సంగతి నీకు చెప్పాలె."

ఆమె నవ్వు ఆగిపోయింది. "గది నేనే పోగొట్టిన గదన్నా. ఇప్పటికి గూడ ఎవరి కాగితమన్న చేతికిస్తే మళ్ల ఇచ్చేదాంక రెండు మూడు సార్లు చూసుకుంట. మా ఆయన నవ్వుతడు."

పోగొట్టింది తనేనని ఆమె నమ్ముతోందని అప్పటిదాకా నాకు తెలియదు. కోపంగా ఉంటుందనుకుని వెళ్లాను. కోరుట్ల ఫోల్డరు, అందులో నా పేరు, మేనేజరుతో నేనన్న మాట, అన్నీ చెప్పాను. ఆమె మిషన్ ఆపేసింది.

"దొరికిన్నాడు ఒక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గదన్నా?"

"అయిపోతుండె. నా నౌకరి పోతదని భయపడ్డ. నువ్వు ఏ కాగితం పోగొట్టలే చెల్లె. తప్పు నేను చేసిన, మాట నీ మీద పడనిచ్చిన. నన్ను మాఫ్ చెయ్యి."