తోడికోడలి అంకెలు

వాతావరణ కార్యాలయంలో అంకెలు సరిచూసే పెద్దావిడకి తన తోడికోడలంటే కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టడం దండగ. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే ఆఫీసు, ఒకే ఓజోన్ విభాగం. పెద్దావిడ పదేళ్ళు ముందు చేరింది. దక్షిణ ధ్రువానికి వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది మాత్రం నిన్నగాక మొన్న చేరిన చిన్నావిడకి! పైగా "అక్కా, నీ ఉన్ని స్వెటర్ ఇస్తావా?" అని అడిగింది. పళ్ళు నూరుకుంటూనే ఇచ్చింది.

అక్కడినుంచి వారానికోసారి టెలెక్స్‌లో అంకెలు వచ్చేవి. నెత్తిమీద ఓజోన్ ఎంతుందో రోజుకో అంకె, పక్కనే పరికరం బాగుందో లేదో తేల్చే దీపం పరీక్ష ఫలితం. ఎప్పుడూ మూడొందల చుట్టూ తిరిగే అంకె, ధ్రువంలో చలికాలపు చీకటి పోయి సూర్యుడు తిరిగొచ్చాక రెండొందలకీ, ఆపైన నూట ఎనభైకీ జారింది. పెద్దావిడకి ప్రాణం లేచొచ్చింది.

"చూశారా సార్, దానికి పరికరం తిప్పడం కూడా రాదు," అంది విభాగాధికారితో.

"దీపం పరీక్ష చూశావామ్మా?"

"చూశాను సార్. తేడాగానే ఉంది."

తేడా లేదు, పాడూ లేదు. పరీక్ష నిక్షేపంగా ఉంది. ఆవిడ రెండుసార్లు చూసుకుంది కూడా. అయినా ఎర్ర పెన్సిల్‌తో, అంకె జారిన ఆ మూడు నెలల అంకెల్నీ అడ్డంగా కొట్టేసింది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

మరుసటేడు వేరే దేశంవాళ్ళు ధ్రువం మీద ఓజోన్‌కి చిల్లు పడిందని లోకమంతా చాటారు. అప్పటికే తిరిగొచ్చిన చిన్నావిడ మీద మాత్రం, పరికరం పాడుచేసుకుని ఆ పేరు మనకి దక్కకుండా చేసిందని, చేతకానిదన్న ముద్ర పడింది. మళ్ళీ ఎవరూ ఎక్కడికీ పంపలేదు. ఆవిడేమో నిమ్మకు నీరెత్తినట్టు కూచుంది. అది చూసి పెద్దావిడకి మరీ ఒళ్ళు మండింది. ఏడిస్తే ఓదార్చే పెద్దరికమైనా దక్కేది కదా!

ఫ్రిజ్‌లలో, స్ప్రే డబ్బాల్లో ఓజోన్‌ని తినేసే పాడు గ్యాసులు వాడడం మానేశాక, చాలా ఏళ్ళకి అంకె మెల్లగా పైకి రావడం మొదలైంది. ఈలోగా ఇద్దరూ రిటైరయ్యారు. ఓ రోజు ఆఫీసువాళ్ళు పాతవాళ్ళందర్నీ పిలిచి తెరమీద గ్రాఫు చూపించారు. గీత దిగి దిగి మళ్ళీ ఎక్కుతోంది. మొదట్లో ఒకచోట మాత్రం ఖాళీ.

"ఆ ఏడు మన పరికరం పాడైందట," అంది కొత్త అధికారిణి.

పెద్దావిడ ఇక ఉండబట్టలేక లేచింది. "పరికరం పాడవలేదమ్మా. నేనే కొట్టేశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని తెలిసే కొట్టేశాను."

చిన్నావిడే చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి కుర్చీలో కూచోబెట్టింది.

"నాకు తెలుసక్కా. తిరిగొచ్చిన వారంలోనే ఫైలు చూశాను."

"మరి ఇన్నేళ్ళూ నోరెందుకు మెదపలేదే?"

"చెబితే నీ ఉద్యోగం ఊడేది. పిల్లలు అప్పటికింకా బడికెళ్తున్నారు."

పెద్దావిడకి తలెత్తడానికి మొహం చెల్లలేదు. అంత సిగ్గులోనూ, ఈ గొప్పతనం కూడా దీనికే దక్కాలా అని కడుపు భగ్గుమంది.