చికిటికి సైకిలెక్కి వెళ్ళిన అల్లుడు

యాభై దాటాక మా అన్నయ్యకి రేసు సైకిలు పిచ్చి పట్టింది. బరంపురంలో మాది చింతపండు హోల్‌సేల్ కొట్టు. బేరాల్లేని మధ్యాహ్నాలు గల్లాపెట్టె దగ్గర కూచుని ఫోన్లో పైదేశాల సైకిలు పందేలు చూసేవాడు. అక్కడ కొండెక్కుతూ వాళ్ళు రొప్పుతుంటే, ఇక్కడ ఫాను కింద ఈయన చెమట తుడుచుకునేవాడు.

చివరికి భువనేశ్వర్ వెళ్ళి ఆ పందెగాళ్ళు తొక్కే సైకిలే కొనుక్కొచ్చాడు. అలాంటిది కాదు, అచ్చంగా అదే.

"ఆళ్ళ రూలే అదిరా. రేసులో తొక్కే బండి, డబ్బులిచ్చినోడికి ఎవడికైనా అమ్మాలిసిందే," అన్నాడు.

"బండి అమ్మేరు, బాగుంది. మరి కాళ్ళేవి అన్నయ్యా?" అన్నాను. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టేసినవాణ్ణి, నాకొచ్చే లెక్కలు ఇలాంటివే.

మా ఇంట్లో ఏ సరుకొచ్చినా ముందు కాటా ఎక్కాలి. సైకిలూ ఎక్కింది. చింతపండు బుట్టలో సగం కూడా తూగలేదు. అన్నయ్య ముఖం వెలిగింది, వదిన ముఖం మాడింది. తూకం తగ్గితే గొడవలయ్యే ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి మరి!

"ఎంత తేలికైతే అంత రేటే దీనికి," అని అన్నయ్య నచ్చచెప్పబోయాడు.

"అలాగైతే మిమ్మల్ని ఊరికే ఇచ్చేయాల," అంది వదిన. "కేరేజీ లేదు, స్టాండు లేదు, గంటైనా లేదు. ఏటండీ ఇది? ఒక్క పని సెయ్యండి. ఆదివారం దీనిమీద చికిటి ఎల్లి మా అమ్మకి మందులిచ్చి రండి. ఎల్లొస్తే ఉంచుకోండి. దార్లో ఆటో ఎక్కేరంటే మటుకు, సోమవారం ఇది కొట్టుకి తిరిగెళ్ళిపోద్ది."

వారంలోపు వెనక్కి తీసుకుంటామని సైకిలు కొట్టువాడు అన్న మాట ఆవిడ చెవిన పడింది. చికిటంటే బస్సుకే గంట దారి. సాక్షిగా నన్ను స్కూటరిచ్చి తోలింది.

ఒంటికతుక్కున్న నల్ల లాగు, చొక్కాకి వీపు మీద జేబు, ఆ జేబులో అత్తగారి బీపీ మాత్రలు. అలా బయల్దేరాడు. బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి మరీ చూశారు. "అన్నయ్యా, ఆటో వస్తంది, సెయ్యెత్తనా?" అని పక్కనే పోతూ ఏడిపించాను. తల వంచుకుని తొక్కుతూనే ఉన్నాడు. చికిటి దగ్గరపడేసరికి మనిషి పెదాలు తెల్లగా అయిపోయాయి, అయినా కాళ్ళు ఆగలేదు. ఇక ఏడిపించడం మానేశాను. స్కూటరు వెనక్కి తగ్గించి, లారీలు ఆయన్ని రాసుకుపోకుండా అడ్డంగా నడిపాను.

అత్తగారు గుమ్మంలోనే ఉంది. మా షావుకార్ల ఇళ్ళలో అల్లుడంటే కారులో దిగాలి, వెనకాల మిఠాయి పెట్టె దిగాలి. ఈ అల్లుడు సైకిలు మీద, సగం లాగుతో, చెమట కారుతూ వచ్చాడు. వెనకాల నేను, ఒట్టి చేతులతో.

ఆవిడ అక్కడే కూలబడిపోయింది. "బాబూ, కొట్టు పోయిందా?"

అన్నయ్యకి ఊపిరాడితే కదా చెప్పడానికి! చెయ్యి అడ్డంగా ఊపాడు. 'అంతా పోయింది' అని అర్థం చేసుకుందావిడ. నేను నోరు తెరిచేలోగా కూతురికి ఫోన్ కలిపేసింది.

"మీ ఆయన సైకిలు మీదొచ్చేడే! ఇంత జరిగితే నాకొక్క ముక్క సెప్పలేదేటే? నా గాజులిచ్చి పంపతాను, కొట్టు నిలబెట్టుకోండి."

స్పీకర్లో వదిన గొంతు వీధంతా వినబడింది. "ఏటి మాటలమ్మా అవి! ఆ సైకిలు మీ పక్కింటోళ్ళ కారు కన్నా ఎక్కువ రేటు. పెపంచకం రేసుల్లో తొక్కేది. నమ్మకపోతే ఒంటిసేత్తో లేపి సూడు!"

అత్తగారు కళ్ళు తుడుచుకుని, లేచి, లేపింది. గాజుల చేతికి సైకిలు పూలసజ్జలా లేచొచ్చింది. "ఓలమ్మా!" అని ఒకటే నవ్వు. చుట్టుపక్కల ఒడియా ఇళ్ళవాళ్ళూ వచ్చి, వరసగా తలో చెయ్యీ వేసి ఎత్తి చూశారు.

ఈలోగా అన్నయ్యకి ఊపిరొచ్చింది. ఫోన్ అందుకుని, "అయితే ఉంచుకోమంటావా?" అన్నాడు, పెళ్ళిచూపుల్లో కూడా అంత మెత్తగా మాట్లాడి ఉండడు.

వదిన అటునుంచి ఇంకో ప్రశ్న వేసింది.

"మందులిచ్చేరా?"

"ఇచ్చేను." అప్పుడే జేబులోంచి తీస్తున్నాడు.

"ఎండెక్కకుండా బయల్దేరండి. గంట మటుకు పెట్టించాలిసిందే."

ఇప్పుడా సైకిలుకి ఇత్తడి గంట ఉంది. బిగించే ముందు అన్నయ్య దాన్ని చిన్న కాటా మీద పెట్టి చూసుకుని, ఒక్క నిట్టూర్పు విడిచి, అప్పుడు బిగించాడు.