గడి ఖాళీగా ఒగ్గేస్తే

మా బంగారయ్యగారికి ఉన్న జబ్బు ఒక్కటే: ఎవరేం చెప్పినా “నేకపోతే?” అని అడగడం. టీకొట్టు బెంగాలీ దాదా అల్లం వేస్తానంటే “అల్లం నేకపోతే?” అనేవారు. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్లను “పెళ్లికొడుకు రాకపోతే?” అని అడిగి తిట్లు తిన్నారు.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో తెలుగు పారిశుద్ధ్య కార్మికుల సంఘం ఆఫీసు మాది. ఆయన కంప్యూటరు చూసేవారు, నేను ఉత్తరాలు రాసేదాన్ని. సభ్యుల వివరాల ప్రోగ్రాం ఆయన సొంతంగా తయారుచేసిందే. అందులో ఒక్క గడి కూడా ఖాళీగా ఉండడానికి వీల్లేదు.

“మనిషి రాయకపోతే మిషనే రాసుకోవాల, అరుంధతమ్మా. దాన్నే డిఫాల్ట్ అంటారు.”

“అది తప్పయితేనో?”

“ఖాళీ కన్నా నయం కదేటి!”

అలా ఇంటిపేరు రాయనివాళ్లందరికీ సొంత జిల్లా పేరే, ‘శ్రీకాకుళం’ అని పడింది. ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కదా అని ఓ పెళ్లి ఆగబోయింది కూడా.

మొన్న ఆషాఢంలో ఆయన గుండె ఆగి పోయారు. ఆ కుర్చీ వైపు చూడడానికే నాకు మనసొప్పేది కాదు. పది రోజులు తిరక్కుండానే మా సభ్యురాలు అప్పమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్‌కి ఇంటి మనిషి సంతకం కావాలన్నారు ఆసుపత్రివాళ్లు. ఆమె వివరాలు తెరిచాను. ఇంటి మనిషి: బంగారయ్య. వరస: తమ్ముడు.

ఒళ్లు మండిపోయి అప్పమ్మకు ఫోను చేశాను.

“ఆయన నీకు తమ్ముడేంటి?”

“నాకెవులున్నారు తల్లీ? ఆ గడి ఒగ్గెయ్యమన్నాను. పోయినేడు జొరమొస్తే మాత్రం మద్దేన్నం మద్దేన్నం గంజి అట్టుకొచ్చినాడు.”

వెతికితే అలాంటివాళ్లు నలభైముగ్గురు తేలారు. ఎవరూ లేనివాళ్లందరికీ ఆయనే ఇంటి మనిషి. పెద్దవాళ్లకు తమ్ముడు, చిన్నవాళ్లకు అన్న, వయసు రాయనివాళ్లకు చుట్టం. ఎవరికి ఏమైనా ఫోను ఆయనకే వెళ్లేది. మధ్యాహ్నాలు ఆయన మాయమైతే సినిమాలకనుకుని, సెక్రటరీకి చాడీలు చెప్పింది నేనే. ఆ పాడునోటిని తిట్టుకుంటూ అక్కడే కూర్చుని ఏడ్చాను.

తర్వాత కళ్లు తుడుచుకుని, ప్రోగ్రాంలో ఆయన పేరూ నంబరూ తీసేసి నావి పెట్టాను. సంఘం తరఫున ఇచ్చే ఇంగ్లీషు కాగితం ప్రింటు తీసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. నర్సు ఆ కాగితం చదివింది. నా చీర వంక చూసింది. మళ్లీ కాగితం చదివింది.

“ఆప్నీ... ఛోటో భాయ్?”

వరస మార్చడం మరిచిపోయాను! నేను వంగి ఆ కాగితంలోకి చూస్తుంటే, మంచం మీద నుంచి అప్పమ్మే నన్ను కసిరింది.

“అలా చూస్తావేటి? సంతకమెట్టు, తమ్ముడూ!”