జీపు వెనక చక్రాలు గాల్లో

మొన్న ఆదివారం మలంచా రోడ్డు మీద ఆటోలన్నీ ఆగిపోయింది నా వల్లేనని మా ఖరిదా పేటంతా సెప్పుకుంటన్నారు. సెప్పుకోనీండి. నేను కాదన్ను. కానీ ఎందుకు ఆగినాయో నా నోటంట కూడా ఇనండి.

మా బావమరిది సూరిబాబుకి ఫేక్టరీ ఉద్యోగం పోయింది. ఆర్నెల్లు ఇంట్లో కూకుని, ఆఖరికి ఉన్నదంతా ఊడ్చి ఒక పాత లేత్ మెషిన్ కొన్నాడు. ఝపటాపూర్‌లో షాపు, పదింటికి పూజ ముహూర్తం. ఆ మెషిన్ దారిలో పడిందంటే వాడి బతుకూ పడిపోద్ది. ఇంత పని ఎవడికి అప్పజెప్తాడు? రైల్వే వేగన్ షాపులో ముప్పై నాలుగేళ్లు సేసి రిటైరైన ఈ బావకే కదా.

జీపూ, దాని ఎనకాల రెండు చక్రాల ట్రైలరూ మాట్లాడినాను. మెషిన్‌ని ట్రైలరు ఆఖర్ని పెట్టించినాను, దించడానికి సులువని. జీపు డ్రైవరు బెంగాలీ. తల గోక్కుని "దాదా, మాఝ్‌ఖానే రాఖున్" అన్నాడు. నడిమికి పెట్టమని.

"నాకే సెప్తావేటి? ఎన్ని వేగన్లు సూసినానో తెల్సా?" అన్నాను.

"ఠీక్ హై" అని ఊరుకున్నాడు.

వేగన్‌కి ఆ కొసా ఈ కొసా చక్రాలుంటాయి, సరుకు ఎక్కడున్నా నిలబడుద్ది. ఈ ట్రైలరుకి నడిమినే రెండు, తక్కెడ లాగ. ఆ సంగతి నాకు తెలీదని కాదు. ఆ పూట గుర్తుకు రాలేదంతే.

మలంచాలో మిట్ట ఎక్కుతుంటే మెషిన్ జానెడు ఎనక్కి జారింది. ట్రైలరు తోక దిగింది, ముక్కు లేచింది. దాంతో పాటు జీపు ఎనక చక్రాలూ లేచిపోనాయి. ఇంజను గోల పెడతంది, చక్రాలు గాల్లో తిరుగుతన్నాయి, బండి మాత్రం అక్కడే.

"బావా, మెషిన్ పోద్ది" అన్నాడు సూరిబాబు. వాడి మొహం సూస్తే నాకూ నిజంగానే బయమేసింది. పైకి కనబడనిస్తానేటి?

డ్రైవరు బ్రేకు తొక్కిపట్టి, జీపు ఎనకాల బరువెయ్యమని అరిసినాడు. నేనే ఎక్కి కూకున్నాను. చక్రాలు మెల్లగా రోడ్డుకి ఆనినాయి. ఎవరో బేగి ఇటుకలు తెచ్చి చక్రాలకి అడ్డం పెట్టినారు. "దాదా, హిల్నా మత్" అన్నాడు డ్రైవరు. సరే, కదల్లేదు.

ఈలోగా పది కావస్తంది. సూరిబాబు పంతులికి ఫోన్ సేస్తే ఆయన స్కూటర్ మీద అక్కడికే వచ్చీసినాడు. "నాకింకా రెండు పూజలున్నాయి. ముహూర్తం మెషిన్‌కి గానీ షాపుకి కాదులే" అని ట్రైలరు మీదే బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టినాడు. హారతి మెషిన్‌కి సూపించి, కదలకుండా కూకున్నాను కదా, నాకూ సూపించినాడు. ఆగిన బస్సులో ఒక ముసిలావిడ నాకు దండం ఎట్టింది.

తర్వాత నలుగురు గునపాలేసి మెషిన్‌ని నడిమికి, కాస్త ముందుకి జరిపి గొలుసులతో బిగించినారు. ఎక్కడా గీత పడలేదు. దారంతా డ్రైవరు నన్నొక్క మాటా అనలేదు. నాకు అదే మండింది.

ఇంటికి రాగానే మా ఆవిడ అందుకుంది. "మా తమ్ముడి బతుకు రోడ్డున పెట్టీసినారు కదా."

"పెట్టినాను. మళ్లీ నిలబెట్టింది ఎవరు? తగ్గించండి, తగ్గించండని రోజూ సాధిస్తావే, ఈ పొట్టే మీ తమ్ముడ్ని కాపాడింది. ఇంకో రెండు ముద్దలు ఎక్కువెయ్యి" అని కంచం ముందర కూకున్నాను.